పాత వైస్ కాటా ఎక్కకముందే

బోధన్‌లో పాత ఇనుప సామాను కొట్టు ముందు, ఫిట్టర్లు పని ముక్కను బిగించి పట్టుకునే వైస్ ఒకదాన్ని కాటా మీద పెట్టారు. 16 కిలోలకు కాస్త అటూ ఇటూ చూపించింది. కిలో 40 రూపాయల లెక్కన 640 అన్నాడు కొట్టాయన. నేను ఇంకా ఏమీ అడగకముందే, "షుగర్ ఫ్యాక్టరీ మాల్ సార్ ఇది. అసలీ ఇంగ్లండ్‌ది. గిట్లాంటిది ఇప్పుడు దొరకదు" అని కూడా అన్నాడు.

దాని మీద కనీసం మూడు రంగుల పొరలున్నాయి. పైన ఆకుపచ్చ, పెచ్చులూడిన చోట బూడిద రంగు, దాని కింద నలుపు. హ్యాండిల్ కొద్దిగా వంగి ఉంది. మర తిరగడం లేదు. దవడల మధ్య గట్టిపడ్డ గ్రీజూ మట్టీ కలిసి రాయిలా ఉన్నాయి. చూసేవాడికి అది 16 కిలోల తుక్కు. కాటాకు తెలిసేది బరువు ఒక్కటే. ఇలాంటి వైస్‌లు నిజామాబాద్, బోధన్ చుట్టుపక్కల ఎన్ని కొలిమికి పోయాయో తలచుకుంటే నాకు బాధగా ఉంటుంది. వాటి మీద చదవదగ్గ అంకెలు చాలా ఉంటాయి. చదవడం వస్తే చాలు, 640 రూపాయల తుక్కా, ఇంకో 50 ఏళ్లు పనిచేసే పనిముట్టా అన్నది అరగంటలో తేలిపోతుంది.

కొట్టాయన మాటలో రెండు సంగతులున్నాయి. ఒకటి ఇంగ్లండ్, రెండు షుగర్ ఫ్యాక్టరీ. మొదటిదాన్ని వైస్ తనంతట తానే చెప్పగలదు. రెండోది ఫ్యాక్టరీ కొట్టిన అచ్చో, కాగితమో ఉంటే తప్ప చెప్పలేదు.

బోధన్‌లో పాత ఇనుము ఏది కనిపించినా 'ఫ్యాక్టరీది' అనడం వెనుక ఒక చరిత్ర ఉంది. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఆ నీళ్లతో పెరిగిన చెరకు కోసం 1937లో బోధన్ పక్కన నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. దాని చుట్టూ పుట్టిన ఊరికి శక్కర్‌నగర్ అని పేరు పడింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీగా చెప్పుకునేవాళ్లు. 2002లో ప్రైవేటు చేతుల్లోకి పోయింది, 2015 డిసెంబర్‌లో మూతపడింది. చక్కెర ఫ్యాక్టరీ అంటే చెరకు ఆడే నాలుగైదు నెలలు మాత్రమే అనుకుంటారు చాలామంది. మిగతా నెలలన్నీ ఓవర్‌హాలింగే. ప్రతి పంపూ, ప్రతి వాల్వూ విప్పి, ఇత్తడి బుష్‌లు గీకి, స్పిండిల్‌లు సరిచేసి, దసరా దాటేసరికి మళ్లీ బిగించాలి. ఆ పనంతా ఫిట్టర్ బల్ల మీద, వైస్ దవడల మధ్య జరిగేది. అందుకే ఇక్కడ బజారుకొక ఫిట్టరో, టర్నరో, వెల్డరో తయారయ్యారు. వాళ్ల సొంత పెట్టెల్లోని సామాన్లు, మూతపడ్డ లేత్ షాపుల బల్లలు, రైస్‌మిల్లుల పాత ఇనుము అన్నీ ఇప్పుడు కాటా దగ్గరికి వచ్చేసరికి ఒకే పేరు మోస్తున్నాయి.

నేను కొన్న ఆ వైస్ మీద ఫ్యాక్టరీ అక్షరాలేవీ కొట్టి లేవు. కాబట్టి అది ఫ్యాక్టరీదని నేను ఎక్కడా చెప్పను. మీకు దొరికిన వైస్ మీద ఏదైనా సంస్థ అచ్చు ఉంటే మాత్రం, అమ్మేవాడి దగ్గర రసీదు అడిగి తీసుకోండి. ఆ అచ్చు ఉన్నంతకాలం, అక్కడి నుంచి ఎలా బయటికొచ్చిందన్న ప్రశ్న కూడా దానితోనే ఉంటుంది.

ఇక ఇంగ్లండ్ సంగతి. రంగు తీసే ద్రావణం పూసి, పావుగంట ఆగి, ఇత్తడి బ్రష్‌తో పక్కభాగం రుద్దాను. ముందు 'డి' అక్షరం గుండ్రటి వీపు తేలింది. దాని ఎడమన 'ఆర్', ఆ తర్వాత 'ఓ'. పోతలోనే ఉబ్బెత్తుగా వచ్చిన అక్షరాలు. అన్నీ బయటపడ్డాక చదివితే 'రికార్డ్, నంబర్ 3, మేడ్ ఇన్ ఇంగ్లండ్'. దవడ వెడల్పు స్కేలుతో కొలిచాను. 100 మి.మీ. దాటి మరో మిల్లీమీటరున్నర. అంటే 4 అంగుళాలు, 101.6 మి.మీ. రికార్డ్ వైస్‌లలో 3 నంబరుకు దవడ 4 అంగుళాలే. అక్షరం, నంబరు, కొలత మూడూ ఒకే మాట చెప్పాయి. ఇలా మూడు సాక్ష్యాలు కలిసినప్పుడే పేరు నమ్మాలి. ఒక్క రంగు చూసి నమ్మకూడదు. నీలం రంగు పూసిన వైస్‌లన్నీ రికార్డ్‌లు కావు, ఆకుపచ్చ పూసిన రికార్డ్‌లు మన దగ్గర బోలెడు.

రికార్డ్ అనేది ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో 1898లో మొదలైన సి అండ్ జె హాంప్టన్ కంపెనీ మార్కు. ఆ మార్కును 1909లో నమోదు చేశారు. కాబట్టి నా వైస్ అంతకు ముందుది కాలేదు. ఎప్పటి తర్వాతిది కాదో తేల్చడానికి మన దేశ చరిత్రే సాయం చేస్తుంది. 1956–57లో విదేశీ మారకం కరువై దిగుమతుల మీద కట్టుబాట్లు బిగిశాయి. ఆ తర్వాత ఇంగ్లండ్ వైస్ మామూలు వర్క్‌షాపు బల్ల మీదికి రావడం కష్టమైంది. పంజాబ్‌లో జలంధర్, లుధియానా పనిముట్ల కంపెనీలు ఆ చోటు నింపాయి. కాబట్టి నా వైస్ ఆ కట్టుబాట్లకు ముందుదే అయి ఉండాలి. ఇది తిరుగులేని లెక్క అనను గానీ, బలమైన ఊహే.

అంకెలతో కాలాన్ని పట్టుకునే దారులు ఇంకా ఉన్నాయి. అన్నిటికంటే మనకు బాగా పనికొచ్చేది మెట్రిక్ మార్పు. మన దేశంలో మెట్రిక్ తూకాలు, కొలతలు 1958 అక్టోబర్ నుంచి విడతలుగా వచ్చాయి, 1962 నాటికి తప్పనిసరయ్యాయి. దేశంలో తయారైన వైస్ మీద అంగుళాలు మాత్రమే ఉంటే పాత అచ్చు అని అనుమానించవచ్చు. 100 మి.మీ. అని ఉంటే ఆ మార్పు తర్వాతిది. ఐఎస్ 2586 అన్న సంఖ్య కనిపిస్తే అది బెంచ్ వైస్‌లకు మన దేశం పెట్టుకున్న ప్రమాణం. ఆ మాట అక్కడ ఉండాలంటే, 1947లో పుట్టిన భారతీయ ప్రమాణాల సంస్థ తర్వాత తయారైనదే కావాలి.

బ్రిటిష్ వైస్ మీద పేటెంట్ నంబరు ఉంటే దాని అంకెలు లెక్కపెట్టండి. 1916కు ముందు అక్కడ పేటెంట్ నంబర్లు ఏటేటా మళ్లీ ఒకటి నుంచి మొదలయ్యేవి, అందుకే పక్కన సంవత్సరం కూడా వేసేవాళ్లు. 1916లో 1,00,001 నుంచి ఒకే వరుస మొదలైంది. ఆరంకెల నంబరుంటే అది 1916 లేదా ఆ తర్వాతి పేటెంట్. 'వెస్ట్ జర్మనీ' అని ఉంటే 1949కీ 1990కీ మధ్యది. అమెరికా విల్టన్ కంపెనీ 1941లో షికాగోలో మొదలైంది. గుండ్రటి తూటా ఆకారపు ఆ వైస్ మన దగ్గర అరుదు. దొరికితే జారే భాగం అడుగున నెల, సంవత్సరం కొట్టి ఉంటాయి. తొలినాళ్లవాటి మీద అది తయారైన తేదీ. తర్వాతి చాలావాటి మీద 5 ఏళ్ల గ్యారంటీ ముగిసే తేదీ, అందులోంచి 5 తీసేస్తే తయారైన ఏడు వస్తుంది.

అక్షరాలు పూర్తిగా అరిగిపోయినప్పుడు ఏం చేయాలి? మరను అడగాలి. హ్యాండిల్‌ను సరిగ్గా 10 చుట్లు తిప్పి, దవడ ఎంత జరిగిందో కొలవండి. 63.5 మి.మీ. జరిగితే అంగుళానికి 4 చూడీల (మర గాట్ల) మర, అంటే అంగుళాల లెక్కలో కోసినది. సరిగ్గా 60 జరిగితే 6 మి.మీ. మెట్రిక్ మర. 50, 50.8ల మధ్య మాత్రం జాగ్రత్త. 50 అయితే 5 మి.మీ. మెట్రిక్, 50.8 అయితే అంగుళానికి 5 చూడీలు. ఆ 0.8 తేడా పట్టుకోవడానికే ఒక్క చుట్టు కాకుండా 10 చుట్లు తిప్పమంటున్నాను. ముందుగా ఒక దిక్కుకే కాస్త తిప్పి, మరలో ఉన్న వదులు పోయాక లెక్క మొదలుపెట్టాలి.

నేను ఆ వైస్‌ను తీసుకుని ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. షుగర్ ఫ్యాక్టరీల్లో పనిచేసి దిగిపోయిన ఫిట్టర్. కాకా అని పిలుస్తాను. అక్షరాలు బయటపడ్డాయని సంబరంగా చూపించబోతే ఆయన వాటివైపు చూడనే లేదు.

"రంగు జూసి, పేరు జూసి మురవకు బిడ్డా. ముందుగాల పగులుందా లేదా సూడు."

ఆయన చేసిన పరీక్షకు ఖర్చు పది రూపాయలు కూడా కాదు. వైస్ అడుగుభాగం, మెడ, దవడ వెనుక వంపు శుభ్రంగా తుడిచి, గుడ్డతో గ్యాసునూనె పట్టించాడు. అరగంట వదిలేశాడు. మధ్యలో చాయ్ తాగాం. తర్వాత పొడిగుడ్డతో మెరిసేలా తుడిచి, సుద్దముక్క నూరిన పొడిని సన్నగా చల్లి, వేలితో రాశాడు. తెల్లటి పొర మీద కళ్లు పెట్టి ఇద్దరం కూర్చున్నాం. పగులుంటే లోపల దాగిన నూనె మెల్లగా పైకి ఊరి, సుద్ద మీద వెంట్రుకంత నల్లగీత గీస్తుంది. పది నిమిషాలైంది. గీత పడలేదు. కాకా వేలుతో దవడ మూల మీద ఒక చుక్క చూపించాడు, అది పోతలో మిగిలిన చిన్న రంధ్రం. "గిది ఏం గాదు. గీత ఉంటేనే భయం" అన్నాడు. అప్పుడు గానీ నేను ఊపిరి పీల్చుకోలేదు.

పగులు గురించి ఆయనకంత పట్టింపు ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. చాలా పాత వైస్‌ల ఒళ్లు బీడు, అంటే పోత ఇనుము. బీడును నొక్కితే భరిస్తుంది, వంచితే పుటుక్కున పోతుంది. మన ప్రమాణాల్లో ఎఫ్‌జి 200 అనే బీడు రకం ఉంది. ఆ 200 అంటే చదరపు మిల్లీమీటరుకు 200 న్యూటన్ల లాగుడు, సుమారు 20 కిలోలు. అదే బీడు నొక్కుడుకైతే దానికి మూడు నాలుగింతలు ఓర్చుకుంటుంది. దవడలు బిగిస్తున్నప్పుడు వస్తువు మీద పడేది నొక్కుడే. వైస్ మెడ మీద పడేది మాత్రం వంపు, ఆ వంపులో ఒక పక్క లాగుడు.

ఎంత లాగుడు? హ్యాండిల్ మీద చేయి పడే చోటు మర నడుమ నుంచి 200 మి.మీ. దూరం అనుకుందాం. ఒక చుట్టుకు చేయి 1,257 మి.మీ. తిరుగుతుంది. అంగుళానికి 4 చూడీల మరైతే అదే చుట్టుకు దవడ జరిగేది 6.35 మి.మీ. రెంటి నిష్పత్తి దాదాపు 198. మరలోనూ కాలర్‌లోనూ రాపిడికే ఎక్కువ భాగం పోతుంది. ఐదో వంతే మిగిలిందనుకున్నా చేతి బలానికి 40 రెట్లు. 15 కిలోల బలంతో లాగితే దవడల మధ్య సుమారు 600 కిలోలు. మామూలు పనికి అది చాలు, వైస్‌ను అందుకే అలా కడతారు. ఇప్పుడు హ్యాండిల్‌కు రెండడుగుల పైపు తొడగండి. చేయి దూరం 600 మి.మీ. అవుతుంది, బలం మూడింతలవుతుంది. 1,800 కిలోలకు దగ్గర. చేతికి మాత్రం ఏ తేడా తెలియదు.

నాకు ఈ లెక్క తెలియక ముందు, పన్నెండేళ్ల క్రితం, నా చేతిలోనే ఒక వైస్ పోయింది. తుప్పుపట్టిన యాక్సిల్ నట్టు విప్పుదామని పైపు తొడిగి బిగించాను. పెద్ద శబ్దమేం రాలేదు. టపుక్కున ఒక్క శబ్దం, కదిలే దవడ మెడ దగ్గర రెండు ముక్కలై చేతిలోకి వచ్చింది. విరిగిన చోట బూడిద రంగు గింజలు గింజలుగా మెరుస్తున్నాయి. అది మా నాయన కొన్న వైస్. ఆ ముక్కలు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి.

అందుకే పగులున్న వైస్‌ను బాగుచేయమని ఎవరైనా అడిగితే నేను వద్దనే అంటాను. బీడును అతికించడం కుదరని పని కాదు. నికెల్ కడ్డీతోనో, ఇత్తడి బ్రేజింగ్‌తోనో అతకవచ్చు. ముందు ముక్కనంతా సమంగా వేడిచేయాలి, అతికాక బూడిదలో పాతిపెట్టి ఒక రాత్రంతా మెల్లగా చల్లారనివ్వాలి. తొందరపడితే అతుకు పక్కనే కొత్త పగులు వస్తుంది. బల్లకు బిగించే చెవి విరిగితే ఇలా అతికించుకోవచ్చు. మెడ పగిలితే మాత్రం, ఎంత బాగా అతికినా ఆ వైస్ ముందు నిలబడి నేను పనిచేయను. సుత్తితో బాదే పని ఉన్నవాళ్లు బీడు వైస్ జోలికి పోకుండా, కమ్మరి కొలిమి దగ్గర ఉండే పొడుగు కాలి వైస్ వెతుక్కోవడం మేలు. అది కొట్టి సాగదీసిన ఇనుము. కాలు నేలకు ఆనుతుంది, దెబ్బ నేలలోకి పోతుంది.

పగులు లేదని తేలాక చూడాల్సింది మర అరుగుదల. హ్యాండిల్‌ను కుడికి తిప్పి బిగించి, ఎడమకు తిప్పుతూ దవడ కదిలేదాకా ఎంత ఖాళీగా తిరుగుతుందో చూడండి. 6.35 మి.మీ. మరలో పావు చుట్టు ఖాళీ అంటే 1.6 మి.మీ. వదులు. చదరపు చూడీ మందం చూడీకీ చూడీకీ దూరంలో సగం, అంటే 3.2 మి.మీ. కాబట్టి ఆ వదులంతా చూడీల్లోనే ఉంటే సగం అరిగిపోయినట్టే. కానీ కంగారు పడొద్దు. ముందు హ్యాండిల్ తలకూ దవడకూ మధ్య సందు చూడండి. చాలాసార్లు వదులు మరలో ఉండదు, తల వెనుక ఉండే వాషర్‌లోనో స్ప్రింగ్‌లోనో ఉంటుంది. నా వైస్‌లో అదే జరిగింది. వాషర్ కాగితంలా అరిగిపోయింది. లేత్ షాపులో కొత్తది కోయించాక ఖాళీ తిరుగుడు సగానికి పైగా తగ్గింది. నట్టే పోయి ఉంటే కంచుతో కొత్తది చేయించుకోవాలి. ఆ ఖర్చుతో కలిపి చూస్తే వైస్ కొనాలా వద్దా అన్నది అక్కడే తేల్చుకోవచ్చు.

నా వైస్‌లా మర బిగుసుకుపోయి ఉంటే ఈ పరీక్షకు ముందే దాన్ని విప్పాలి, అందుకు ఓపికే మందు. గ్యాసునూనె, డీజిల్ కలిపి రోజుకు రెండుసార్లు పోస్తూ మూడు రోజులు వదిలేశాం. నాలుగో రోజు హ్యాండిల్‌ను ముందుకు కాస్త, వెనక్కు కాస్త ఆడిస్తూ వచ్చాక వదిలింది. ఒక చోటనే గ్యాస్ మంట పెట్టి ఎర్రగా కాల్చడం బీడుకు ప్రమాదం. కదిలే దవడ చివరికంటా బయటికి వస్తున్నప్పుడు కింద చెక్క పెట్టాలి, లేదా ఇంకొకరు పట్టుకోవాలి. నాలుగంగుళాల వైస్‌లో కూడా ఆ ముక్క పాదాన్ని చితక్కొట్టేంత బరువుంటుంది.

దవడ పలకల స్క్రూల దగ్గర ఇంకో అంకెల చిక్కు ఉంది. మన ఫిట్టర్లు ఇప్పటికీ బోల్టులను సూత్‌లలో చెబుతారు. అంగుళంలో ఎనిమిదో వంతు ఒక సూత్, 3.175 మి.మీ. 'మూడు సూత్‌ల బోల్టు' అంటే 9.525 మి.మీ. పాత ఇంగ్లండ్ సామానులో అది విట్‌వర్త్ చూడీ. జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన పద్ధతి, చూడీ కోణం 55 డిగ్రీలు, ఈ సైజులో అంగుళానికి 16 చూడీలు. ఇప్పుడు దుకాణంలో దొరికే 10 మి.మీ. బోల్టు కోణం 60 డిగ్రీలు, చూడీకీ చూడీకీ దూరం 1.5 మి.మీ. విట్‌వర్త్‌లో ఆ దూరం 1.5875. అరచుట్టు దూరి ఆగితే, 'కొద్దిగా బిగువుంది' అనుకుని స్పానర్‌తో తిప్పేస్తారు. అక్కడితో బీడులోని చూడీలు గీసుకుపోతాయి, మళ్లీ రావు. పాత స్క్రూను పారేయకుండా పట్టుకుపోయి, దానికి నట్టు పట్టించి చూసి మరీ కొనండి. నిజామాబాద్ ఇనుప దుకాణాల్లో ఆయిలింజన్ల, పాత మిల్లుల పుణ్యమా అని విట్‌వర్త్ సరుకు అడిగితే ఇంకా దొరుకుతుంది.

ఇప్పుడు తుప్పు. ఈ పనికి చెరకు సీమలో దొరికినంత మంచి మందు ఇంకెక్కడా దొరకదేమో. అది మొలాసిస్. టన్ను చెరకు ఆడితే సుమారు 100 కిలోల చక్కెర, 280 నుంచి 300 కిలోల పిప్పి, 40 నుంచి 45 కిలోల మొలాసిస్ వస్తాయి. నల్లగా, చిక్కగా, చక్కెరగా మారకుండా మిగిలిపోయిన పాకం. దాన్ని ఒకటికి తొమ్మిది పాళ్ల నీళ్లలో కలిపి తుప్పుపట్టిన ఇనుమును ముంచితే, అందులోని చక్కెరలూ సేంద్రియ ఆమ్లాలూ తుప్పులోని ఇనుమును పట్టి నీళ్లలోకి లాగేస్తాయి. మంచి ఇనుమును దాదాపుగా ముట్టుకోవు. గీకడం లేదు, మంట లేదు, అక్షరాల అంచులు అరగవు.

నేను 20 లీటర్ల బకెట్‌కు 2 లీటర్ల మొలాసిస్ వాడాను. లీటరు 1.4 కిలోలు తూగుతుంది, కాబట్టి 2.8 కిలోలు. వెనక్కి లెక్కిస్తే సుమారు 65 కిలోల చెరకు నుంచి వచ్చే మొలాసిస్. ముందు ముక్కలన్నిటికీ గ్రీజు పూర్తిగా పోగొట్టాను, జిడ్డున్న చోట మందు పట్టదు. మూడో రోజుకు బకెట్ పులిసి నురగ కట్టింది. వాసన ఘాటుగా ఉంటుంది, ఇంట్లో పెట్టుకునే పని కాదిది. ఏడో రోజు తీసి కొళాయి కింద బ్రష్‌తో రుద్దితే తుప్పు నల్లటి బురదలా జారిపోయింది. లోతైన గుంటల కోసం ఇంకో నాలుగు రోజులు వదిలాను. రెండు జాగ్రత్తలు తప్పనిసరి. ముక్క పూర్తిగా మునిగి ఉండాలి, సగం తేలితే నీటి మట్టం దగ్గర చెరగని గీత పడుతుంది. జింకు, అల్యూమినియం భాగాలుంటే ముందే తీసేయాలి, వాటిని ఈ నీళ్లు తినేస్తాయి. మన ఎండాకాలంలో నీళ్లు వేగంగా ఇగురుతాయి కాబట్టి రోజూ చూసి పోయాలి.

బయటికి తీశాక ఆలస్యం చేయకూడదు. కడిగిన ఇనుము గాలి తగిలిన కొద్ది నిమిషాల్లోనే నారింజ రంగుకు తిరగడం మొదలుపెడుతుంది. ఎండలో పెట్టిన రేకు మీద ఆరబెట్టి, వేడిగా ఉండగానే నూనె పూశాను.

మొలాసిస్ గురించి ఒక మాట. అది ఎక్సైజ్ శాఖ అదుపులో ఉన్న సరుకు, ఎందుకంటే మద్యానికి ముడిసరుకు అదే. పశువుల దాణా కోసం అమ్మేదాన్ని బిల్లుతో కొనుక్కోండి. దొరకకపోతే చాకలి సోడా, 12 వోల్టుల బ్యాటరీ చార్జర్ ఉన్నా పని జరుగుతుంది. లీటరు నీళ్లకు 5 నుంచి 10 గ్రాముల సోడా కలిపి, వైస్ ముక్కకు నెగెటివ్ తీగ, పక్కన ముంచిన మామూలు ఇనుపరేకుకు పాజిటివ్ తీగ తగిలించాలి. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. రేకు స్టెయిన్‌లెస్ స్టీలు కాకూడదు, దాన్నుంచి విషపు క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి ఆరుబయటే చేయాలి, దగ్గర్లో బీడీ కూడా వెలిగించకూడదు. బాత్రూం యాసిడ్‌తో తుప్పు తీయడం మాత్రం వద్దు. గట్టి ఉక్కు పలకలు పెళుసెక్కుతాయి, తుప్పు వారంలో మళ్లీ పడుతుంది.

రంగు గురించి చెప్పాల్సింది తక్కువే, కానీ ఒక్కటి ఆరోగ్యానికి సంబంధించినది. పాత రంగుల్లో సీసం ఉంటుంది. ఇళ్లకు, అలంకరణకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందరి పొరలను పొడిగా గ్రైండర్‌తో ఎగరగొడితే ఆ ధూళి మన ఊపిరిలోకీ, ఇంట్లో పిల్లల చేతుల్లోకీ పోతుంది. ద్రావణం పూసి, తడిగా గీకి, కాగితంలో చుట్టి పడేయండి. గ్రైండర్ వద్దనడానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది. నున్నగా మెరవాలని అక్షరాలు అరగదీసి, క్రోమియం పూతలా పాలిష్ పట్టిన పాత వైస్‌లు చూశాను. చూపుకు అందంగానే ఉంటాయి. వాటి పేరు, ఊరు, నంబరు మాత్రం శాశ్వతంగా పోయాయి. అది మరమ్మతు కాదనే నా గట్టి అభిప్రాయం. నేను రెడ్ ఆక్సైడ్ ఒక పూత, ఎనామిల్ రెండు పూతలు వేశాను. అడుగున అరచేతి వెడల్పు చోటులో ఆకుపచ్చ, బూడిద, నలుపు పొరలను అలాగే వదిలేశాను. వంగిన హ్యాండిల్‌ను కూడా సరిచేయలేదు. పనికి అడ్డం రావడం లేదు.

బిగించాక ఆఖరి పరీక్ష కాకాదే. పాత దినపత్రిక నుంచి వేలెడు వెడల్పు ముక్కలు రెండు చించి, ఒకటి దవడల ఎడమ చివర, ఒకటి కుడి చివర పెట్టి, రెండు వేళ్లతో హ్యాండిల్ మెల్లగా తిప్పాడు. ఎడమ ముక్క పట్టుకుంది, కుడిది జారిపోయింది. పలక విప్పి చూస్తే దాని వెనుక ఆవగింజంత రంగు గడ్డకట్టి ఉంది. ఆకురాయితో దాన్ని తీసి మళ్లీ బిగించాం. ఈసారి రెండు ముక్కలూ పట్టుకున్నాయి. తర్వాత ముక్కలను దవడల పైఅంచు దగ్గర ఒకసారి, అడుగు దగ్గర ఒకసారి పెట్టి చూశాం. పైన ముందు పట్టుకుంది, అలాగే ఉండాలి. బిగించినకొద్దీ దవడ వెంట్రుకంత వెనక్కి వాలుతుంది కాబట్టి, మంచి వైస్‌ను పైన ముందు తాకేలానే తయారుచేస్తారు.

బల్ల ఎత్తు దగ్గర కాసేపు వాదన జరిగింది. వైస్ దవడల పైభాగం పనిచేసేవాడి మోచేతి ఎత్తులో ఉండాలని ఐటీఐలో మొదటి నెలే నేర్పుతారు. అంతకన్నా కిందికుంటే నడుం పోతుంది, పైకుంటే ఆకురాయి సమంగా నడవదు. టేపు పెట్టి కొలిస్తే నా మోచెయ్యి 107 సెంటీమీటర్లు, కాకాది 99. వైస్ ఎత్తు 18. బల్ల నాకైతే 89 ఉండాలి, ఆయనకైతే 81.

"నీ బల్ల, నీ వైసు. నీ లెక్కకే పెట్టు" అన్నాడాయన.

89కే పెట్టాం. కదలని దవడ బల్ల అంచు దాటి కొద్దిగా ముందుకు వచ్చేలా జరిపి, పొడుగు కడ్డీని నిలువుగా పట్టించినా బల్లకు తగలదని చూసుకుని, ప్రతి రంధ్రానికీ కింద పెద్ద వాషర్ వేసి బిగించాం. ఆ సాయంత్రం ఆ దవడల మధ్య మొదట పట్టించింది ఒక టేకు చెక్క. కాకా వచ్చినప్పుడు నిలబడి పనిచేసుకోవడానికి 8 సెంటీమీటర్ల ఎత్తు పీటకు కాళ్లు కోశాం.